రెండు వేళ్ళ లూజు

కత్తెరమ్మకి కోపం వస్తే నోటితో తిట్టదు, కత్తెరతో తిడుతుంది. గుడ్డ మీద కత్తెర టకటకమని పరుగెత్తిందంటే చాలు, పక్క గదిలో పేపరు చదువుకుంటున్న భర్త కాళ్ళు ముడుచుకుని బుద్ధిగా కూర్చుంటాడు. ముప్ఫై ఏడేళ్ళుగా కుట్టుపనిలో ఉన్న మనిషి. చేతిలో కత్తెర ఉండగా ఆవిడతో వాదించిన మొనగాళ్ళు ఆ వీధిలో లేరు. అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. అలాంటిది, యాభై రెండో ఏట వచ్చిన ఒక కోపం మాత్రం కత్తిరింపులతో చల్లారక ఆవిడని ఏకంగా విశ్వవిద్యాలయం గేటు దాకా నడిపించింది.

ఆ కోపానికి కారణం రెడీమేడ్ గౌన్లు. నలభై దాటిన ఆడవాళ్ళు వాటిని మోజుపడి కొనుక్కుని, ఇంట్లో తొడుక్కుని, అద్దం ముందు దిగాలుపడి, సంచీలో కుక్కుకుని కత్తెరమ్మ కొట్టుకి వచ్చేవాళ్ళు. భుజాల దగ్గర జారిపోయేవి, పొట్ట దగ్గర పట్టేసేవి. సరిచెయ్యడం ఆవిడకి చిటికెలో పని. ఒళ్ళు మండించింది గౌన్లు కాదు, వాటిని తెచ్చినవాళ్ళు తెర వెనక నిలబడి అనే మాట. బడి పంతులమ్మ దగ్గర్నుంచి ఆస్పత్రి నర్సు దాకా అందరూ ఏదో తప్పు చేసినవాళ్ళలా గొంతు తగ్గించి, "నా ఒళ్ళే ఇలా తయారైందమ్మా" అనేవాళ్ళు. ఒకరోజు వరసగా నలుగురు అన్నారు. నాలుగో ఆవిడ మెట్లు దిగాక కత్తెరమ్మ కత్తెర బల్ల మీద పెట్టేసి, ఈ సైజుల పట్టిక ఎవరు తయారు చేశారో తేల్చుకుంటానని ప్రకటించింది.

తేల్చుకునే దారి కూడా ఆవిడ చేతిలోనే ఉంది. నలభై అయిదో ఏట మొదలుపెట్టి, ఇస్త్రీపెట్టె పక్కన పుస్తకం నిలబెట్టుకుని చదివి, పోస్టులో పాఠాలు తెప్పించుకుని డిగ్రీ పూర్తి చేసింది. ఆ పాఠాల్లోనే ఒక మూల, తమ దగ్గర వాడే పట్టికని ఎప్పుడో అరవై ఏళ్ళ కిందట కాలేజీ అమ్మాయిలని కొలిచి తయారు చేశారని రాసి ఉంది. అంటే పద్దెనిమిదేళ్ళ పిల్ల కొలతలని అటూ ఇటూ సాగదీసి, ఇద్దరు పిల్లల్ని కని పెంచిన మనిషికి తొడుగుతున్నారన్నమాట. సరిగ్గా అప్పుడే, ఇరవై ఏళ్ళకి పైగా ఒకే వృత్తిలో ఉన్నవాళ్ళకి పరిశోధనలో సీట్లు ఇస్తామని విశ్వవిద్యాలయం వాళ్ళు పేపర్లో ప్రకటన వేశారు. భర్త దాన్ని నవ్వులాటకి పైకి చదివి వినిపించాడు. బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. ఏ బస్సు ఎప్పుడు కదులుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు గానీ, భార్య ఎప్పుడు కదులుతుందో ఆయనకి ఏనాడూ అంతుపట్టలేదు. మర్నాటికల్లా దరఖాస్తు పోస్టు డబ్బాలో పడింది.

సీటు వచ్చింది గానీ దానికో మెలిక ఉంది. ఏడాది చివర సమీక్ష జరుగుతుంది. గట్టెక్కితే మరో రెండేళ్ళు, లేకపోతే సీటు జాబితాలో తర్వాతి మనిషికి వెళ్ళిపోతుంది. ఈ అవకాశం ఒక మనిషికి జీవితంలో ఒక్కసారే. కత్తెరమ్మ చదివి సంతకం పెట్టింది. నలభై దాటిన మూడు వందల మంది ఆడవాళ్ళని కొలిచి, వాళ్ళకంటూ ఒక సైజుల పట్టిక తయారు చెయ్యడం ఆవిడ తలపెట్టిన పరిశోధన.

ఆవిడకి గైడుగా పడ్డది ముప్ఫై మూడేళ్ళ అమ్మాయి. ఈవిడని పేరు పెట్టి పిలవాలో, ఆంటీ అనాలో తేలక ఆ అమ్మాయి మొదటి నెలంతా "ఇదిగో", "చూడండి"లతో నెట్టుకొచ్చింది. కత్తెరమ్మ మాత్రం మొదటి రోజే "మేడమ్" అని మొదలుపెట్టి, రెండో వారంలో ఆ మేడమ్ చొక్కా చంక దగ్గర పట్టేస్తోందని కనిపెట్టి, వేరే చొక్కా మార్చుకుని రమ్మని, దాన్ని విప్పి కుట్టి ఇచ్చింది. గైడుకీ విద్యార్థికీ మధ్య ఉండాల్సిన దూరం కాస్తా ఆ చంక దగ్గరే పోయింది.

పరిశోధక విద్యార్థుల గదిలో ఆవిడ పక్క బల్ల వాతావరణం బాబాయిది. వాతావరణ కేంద్రంలో ముప్ఫై అయిదేళ్ళు వానని కొలిచి రిటైరై, ఊరికే కూర్చోలేక, కొలతల్లో దొర్లే పొరపాట్ల మీద పరిశోధనకి చేరాడు. గదిలో చిన్నవాళ్ళంతా బాబాయ్ అంటుంటే విని ఆవిడా బాబాయిగారూ అనేది. ఆయనేమో ఆవిడని చెల్లెమ్మా అనేవాడు. వరసలు కలవకపోయినా స్నేహం కలిసింది. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, ఏదీ ఖాయంగా చెప్పడు. టీ తాగుదామా అంటే "తాగే అవకాశం డెబ్బై శాతం" అంటూ లేచి చెప్పులు వేసుకుంటాడు.

పని మాత్రం జోరుగా సాగింది. వేరేవాళ్ళయితే అంతమందిని ఒప్పించడానికే ఏడాది పట్టేది. కత్తెరమ్మకి ఒప్పించే పనే లేకపోయింది. డిపోలో కండక్టరమ్మలు, ఆస్పత్రి నర్సులు, బడి వంటగదిలో పనివాళ్ళు, కూరగాయల బజారు ఆడవాళ్ళు, అందరూ ఆ టేపుకి అలవాటుపడ్డవాళ్ళే. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు, చేతిలో నోటుపుస్తకం, నోట్లో కబుర్లు. ఎనిమిది నెలల్లో మూడు వందల మందీ అయిపోయారు. గైడమ్మాయి ఆ నోటుపుస్తకాలని రెండు చేతులా పట్టుకుని చూసి మురిసిపోయింది. కత్తెరమ్మ ఆ వారమంతా కాస్త ఎత్తు పెరిగినట్టు నడిచింది.

ఇక మిగిలింది ఒక లాంఛనం. ఆ విభాగంలో కొత్తగా కొలతల యంత్రం ఒకటి వచ్చింది. ఒక మనిషి చేతులు చాపి నిలబడేంత గది, చుట్టూ ఇరవై నాలుగు కెమెరాలు. లోపల నిలబడితే ఎదురుగా తెర మీద "కదలకండి" అని వస్తుంది. పన్నెండు సెకన్లలో ఒంటి కొలతలన్నీ బయట తెర మీద పడతాయి. చేతి కొలతలని దీనితో సరిచూడాలని నియమం. అందుకని మూడు వందల మందిలో ఇరవై మందిని పిలిపించి లోపల నిలబెట్టారు. వాతావరణం బాబాయి రెండు వరసల అంకెలనీ పక్కపక్కన పెట్టి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

యంత్రం చెప్పిన నడుములు దాదాపు అన్నీ కత్తెరమ్మ రాసిన నడుములకంటే చిన్నవి. ఒకరికి అంగుళం, ఒకరికి రెండు, బడి వంటావిడకి ఏకంగా మూడు.

యంత్రం చెడిపోయిందని కత్తెరమ్మ అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది. ముప్ఫై ఏడేళ్ళలో తన టేపు ఒక్క గౌను కూడా పాడుచెయ్యలేదని, నిన్నగాక మొన్న వచ్చిన గది తనకి నడుములు నేర్పక్కర్లేదని అంది. బాబాయి కాదనలేదు, అవుననలేదు. మూల నిలబెట్టి ఉన్న బట్టల బొమ్మని ఎత్తుకొచ్చి యంత్రంలో పెట్టాడు. ముప్ఫై అంగుళాలంది. కత్తెరమ్మ టేపు తీసి కొలిచింది. చక్కగా ముప్ఫై. బొమ్మ దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరింది, మనుషుల దగ్గరే తగువంతా. బాబాయి కాసేపు గెడ్డం గీరుకుని, తనని కొలవమని చేతులెత్తి నిలబడ్డాడు. ఆవిడ టేపు చుట్టింది. ఆయన తల వంచి చూశాడు.

"చెల్లెమ్మా, నీ వేళ్ళు లోపలేం చేస్తున్నాయి?"

కత్తెరమ్మ కూడా వంగి చూసింది. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు టేపుకీ బాబాయి చొక్కాకీ మధ్య హాయిగా పడుకుని ఉన్నాయి.

"లూజు," అంది ఆవిడ, అదేం ప్రశ్న అన్నట్టు. "మనిషన్నాక ఊపిరి తీసుకోవద్దూ?"

"మరి బొమ్మకి పెట్టలేదే?"

"బొమ్మ ఊపిరి తీస్తుందా?"

అని, తన మాట తన చెవినే పడి, ఆవిడ కుర్చీలో కూలబడింది. గురువు దగ్గర పని నేర్చుకున్న మొదటి ఏడాది నుంచీ ఆ వేళ్ళు లోపలికి వెళుతూనే ఉన్నాయి. ఒళ్ళు కొలవడమంటే ఆవిడ దృష్టిలో గౌను కొలవడమే. ఒళ్ళు వేరు, గౌను వేరు అన్న సంగతి ఆ వేళ్ళకి ఎవరూ చెప్పలేదు. మూడు వందల మందిని కొలిచి, మూడు వందల గౌన్లకి కొలతలు రాసిపెట్టుకుంది. ఒంటి కొలత ఒక్కటీ లేదు. సమీక్ష ఇంకా మూడు వారాలే ఉంది.

సంగతి విన్న గైడమ్మాయికి గుండెల్లో రాయి పడింది. అయినా చదువుకున్న పిల్ల కనక తొందరగా తేరుకుని ఒక ఉపాయం చెప్పింది. రెండు వేళ్ళ మందం ఎంతో చూసి, మూడు వందల కొలతల్లోంచీ అంత తీసేస్తే సరి. బాబాయి తల అడ్డంగా ఊపాడు. తేడా అందరికీ ఒకేలా లేదు, ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. ఇరవై మందిలో ఒక్కావిడకైతే అసలు తేడాయే లేదు. ఎవరీవిడ అని అడిగాడు.

కత్తెరమ్మ పేరు చూసి నాలిక కరుచుకుంది. "మా ఆడపడుచు."

బాబాయి మీసాల కింద నవ్వు దాగలేదు. ఆ నవ్వు కత్తెరమ్మని సూదిలా పొడిచింది. లోకమంతటికీ లూజు ఇచ్చి, ఆడపడుచుకి మాత్రం బిగించి కొలిచిందా తను? ముప్ఫై ఏళ్ళ మనస్పర్థలు పోయి పోయి టేపు మీద పడ్డాయా? పరిశోధన పోతోందన్న దిగులు ఒకవైపు, తన చెయ్యి పక్షపాతం చూపించిందన్న సిగ్గు ఒకవైపు, ఆ సాయంత్రం బస్సు దిగాల్సిన చోట దిగడం కూడా మరిచిపోయింది.

దారి ఒకటే, అందరినీ మళ్ళీ కొలవడం. అయితే వేళ్ళు మాట వింటేనా? ముందు భర్త మీద సాధన చేసింది. వద్దు వద్దు అనుకుంటూనే రెండు వేళ్ళూ లోపలికి దూరిపోయేవి. మూడోసారికి భర్త విసుగెత్తి, ఆ రెండు వేళ్ళనీ అరచేతిలోకి ముడిచి గుడ్డపట్టీతో కట్టేశాడు. అలా కొలిస్తే టేపు కాస్త వంకరపోయింది గానీ లూజు మాత్రం పోయింది. "అబ్బ, ఇదేం కొలతే, అరెస్టు చేసినట్టుంది" అన్నాడాయన.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళింది. మొదటి నర్సు కట్టు చూసి సూది గుచ్చుకుందా అని పరామర్శించి, చేతులెత్తి నిలబడింది. ఎప్పుడూ కొలిచేటప్పుడు కత్తెరమ్మ చూపు వేళ్ళ మీద, టేపు మీద ఉండేది. ఇవాళ వేళ్ళకి పనిలేదు. పనిలేని మనిషి చుట్టూ చూసినట్టు, ఆవిడ నర్సు వైపు చూసింది. టేపు నడుముకి తగిలీ తగలగానే నర్సు పొట్ట లోపలికి వెళ్ళిపోయింది. గుండెలు పైకి లేచాయి, మెడ నిటారయింది. టేపు తీసెయ్యగానే అన్నీ మళ్ళీ యథాస్థానాలకి వచ్చాయి. నర్సు ముఖంలో ఏ మార్పూ లేదు. ఆవిడకే తెలియదు తను ఊపిరి బిగబట్టిందని.

రెండో నర్సూ అంతే. మూడో ఆవిడా అంతే. మధ్యాహ్నం బడి వంటగదికి వెళితే, అంత పెద్ద వంటపాత్రలని అవలీలగా దించే మనిషి టేపు చూసేసరికి అంత పొట్టనీ ఎక్కడ దాచాలో తెలియక బిక్కచచ్చిపోయి నిలబడింది. ఇన్నేళ్ళూ వాళ్ళు దాచుకున్నంతా కత్తెరమ్మ వేళ్ళు చూసుకుంటూ వచ్చాయి. ఎంత బిగబడితే అంత చోటు వదిలాయి. తక్కువ బిగబట్టినవాళ్ళకి ఒక వేలు, ఎక్కువ బిగబట్టినవాళ్ళకి మూడు. ఆ సంగతి వేళ్ళు తనకి కూడా చెప్పలేదు. ఎవరికి భయపడి వీళ్ళంతా ఊపిరి దాచుకుంటున్నారు, కొలిచేది నేనే కదా, అనుకుంటే ఆవిడకి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఉల్లిపాయలమ్మా ఉల్లిపాయలు అంటూ వంటావిడ చేతిగుడ్డ అందించింది.

ఇంటికి వెళుతూ దారిలో ఆడపడుచు ఇంటి ముందు దిగింది. ఆడపడుచు గుమ్మంలోనే నిలబడి, మొన్ననేగా కొలిచావు, నీ చదువుకి నేనే దొరికానా అంటూ మొదలుపెట్టింది. కత్తెరమ్మ టేపు చుట్టింది. ఆడపడుచు మాట ఆగలేదు, పొట్ట కదల్లేదు. ఎక్కడుండాల్సింది అక్కడే నిబ్బరంగా ఉంది. ఆవిడ ఎవరి ముందూ ఊపిరి బిగబట్టే రకం కాదు, ఆవిడ ముందే అందరూ ఊపిరి బిగబట్టాలి. వేళ్ళకి ఇక్కడ పనే పడలేదన్నమాట. కత్తెరమ్మ పట్టరాని సంతోషంతో ఆడపడుచుని కావిలించుకుంది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆడపడుచుకి నోట మాట రాలేదు.

మర్నాడు ఆవిడ చెప్పిందంతా విని బాబాయి కిటికీలోంచి ఆకాశం చూశాడు. వానని కొలిచే పాత్ర పెడితే వాన తగ్గదు గానీ, మనిషిని కొలిచే పాత్ర పెడితే మనిషి తగ్గుతాడన్నమాట అని తనలో తను అనుకున్నాడు. అలాగైతే యంత్రం లోపల కూడా ఇదే జరిగి ఉండాలి. చుట్టూ ఇరవై నాలుగు కళ్ళు, ఎదురుగా "కదలకండి" అన్న హుకుం. టేపు ముందు బిగబట్టినవాళ్ళు అక్కడ బిగబట్టరా? ఆ ఇరవై మందిలో తీరిక దొరికిన ఆరుగురిని పిలిపించారు. ఒక్కొక్కరినీ యంత్రంలో రెండుసార్లు నిలబెట్టారు. మొదటిసారి ఊరికే. రెండోసారి కత్తెరమ్మ తలుపు బయట నిలబడి కబుర్లు పెట్టింది. మీ పెద్దది ఎలా ఉంది, కొత్త మేట్రన్ పోరు తగ్గిందా, ఆ పక్కింటివాళ్ళతో గోడ తగువు తేలిందా. కదలవద్దని యంత్రం చెప్పింది గానీ మాట్లాడవద్దని చెప్పలేదు. గోడ తగువు సగంలో ఉండగా పన్నెండు సెకన్లు అయిపోయాయి.

ఆరుగురికి ఆరుగురు పెరిగారు. పెరిగిన కొలతలు కత్తెరమ్మ మొదటి నోటుపుస్తకంలో ఉన్నవాటికి పావు అంగుళం అటూ ఇటూగా వచ్చి నిలబడ్డాయి. యంత్రం తప్పు కాదు, వేళ్ళూ తప్పు కాదు. కత్తెరమ్మ నమ్మలేక, నిజమేనంటారా అని అడిగింది.

"వంద శాతం," అన్నాడు బాబాయి. ఆ మాట ఆయన నోట విని గదిలో మిగిలినవాళ్ళు తలెత్తి చూశారు.

గైడమ్మాయి సంతోషించింది గానీ, ఆ సంతోషం వెనకే భయం పట్టుకుంది. సమీక్షకి అధ్యక్షుడు విభాగం హెడ్డుగారు. ఆ యంత్రాన్ని తెప్పించింది ఆయనే. దాన్ని చిన్న మాటంటే సొంత బిడ్డని అన్నట్టు నొచ్చుకుంటాడు. పైగా చేతిలో ఉన్నది ఆరుగురి లెక్క. ఆరుగురిని చూపించి హెడ్డుగారి యంత్రం మోసపోయిందని చెబితే సీటు గాలిలో దీపమే. అందుకని తల వంచుకుని, ఇప్పటికి మూడు వందల కొలతల్లోంచీ సగటున రెండంగుళాలు తీసేసి చూపిద్దామని, గట్టెక్కాక వచ్చే ఏడు మెల్లగా సరిచేసుకోవచ్చని, బతిమాలుతున్నట్టు చెప్పింది. ఆ పిల్ల చెడ్డది కాదు, కత్తెరమ్మ సీటు పోకూడదన్నదే ఆరాటం. ఇంట్లో భర్తా అదే పాట పాడాడు. రెండేళ్ళ చదువు ముఖ్యమా, రెండంగుళాలు ముఖ్యమా అన్నాడు. కత్తెరమ్మ ఒక గుడ్డముక్క తీసి కత్తెర అందుకుంది. ఆయన పేపరు అందుకుని కాళ్ళు ముడుచుకున్నాడు.

సమీక్ష రోజున యంత్రం ఉన్న హాల్లోనే బల్లలు వేశారు. హెడ్డుగారు ఇస్త్రీ కోటులో నిటారుగా కూర్చున్నాడు. పక్కన వేరే విశ్వవిద్యాలయం నుంచి పరీక్షకురాలిగా వచ్చిన పెద్దావిడ. ఇంకో పక్క గైడమ్మాయి, రంగు పోయిన ముఖంతో. యంత్రం నడిపే మిషమీద బాబాయి కూడా ఒక మూల చేరాడు. కత్తెరమ్మ లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. వేళ్ళ సంగతి చెప్పింది. మూడు వందల మందినీ గౌన్లుగా కొలిచానని, అది తన పొరపాటేనని ఒప్పుకుంది. ఊపిరి సంగతి చెప్పింది. ఆరుగురి లెక్కా చూపించింది. ఈ హాల్లో తీసిన మొదటి కొలతలు కూడా ఒంటి కొలతలు కావని చివరి మాటగా అంది. రెండంగుళాలు తీసేసి పట్టిక వేస్తే, ఆ పట్టికతో కుట్టిన గౌను తొడుక్కున్నవాళ్ళు జీవితాంతం ఊపిరి బిగబట్టుకుని తిరగాలని కూడా అంది.

హెడ్డుగారు ముఖం గంటు పెట్టుకున్నాడు. ఆరేళ్ళు తిరిగి తెచ్చిన యంత్రాన్ని ఒక టేపు పక్కన నిలబెట్టి తప్పంటే ఆయనకి మండదా మరి.

"యంత్రం అబద్ధం చెప్పదమ్మా," అన్నాడు, ఒక్కో మాటా విడదీసి.

"యంత్రం చెప్పదు సార్. లోపల నిలబడ్డవాళ్ళు చెబుతారు. వాళ్ళకి తెలియకుండానే చెబుతారు."

హెడ్డుగారు కలం బల్ల మీద పడేసి లేచాడు. ఆడవాళ్ళ సంకోచాలని శాస్త్రానికి అంటగట్టకూడదని, కావాలంటే తానే నిలబడి చూపిస్తానని, కోటు విప్పి కుర్చీకి తగిలించి లోపలికి వెళ్ళాడు. పన్నెండు సెకన్లు. తెర మీద ముప్ఫై ఎనిమిది పడింది. బాబాయి పైకి చదివాడు. "ఇంకోసారి తీయండి, ఇంతే వస్తుంది" అని లోపల్నుంచి హెడ్డుగారి గొంతు గర్వంగా వినిపించింది. గైడమ్మాయి కళ్ళు మూసుకుంది. కత్తెరమ్మ తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఎదుటి మనిషి మీద గెలవాలన్న కసి ఆ క్షణంలో ఆవిడకి లేదు. కొట్టులో తెర వెనక నిలబడ్డవాళ్ళతో మాట్లాడే గొంతే వచ్చింది.

"దీన్ని తెప్పించడానికి చాలా తిరిగారట కదా సార్."

లోపల్నుంచి పెద్ద నిట్టూర్పు. "తిరగడమా? ఎన్ని ఉత్తరాలు రాశానో తెలుసా అమ్మా? మొదటి ఏడాది నా ఫైలే పోగొట్టారు," అని మొదలుపెట్టాడు. ఆరు ఉత్తరాలకి జవాబే రాలేదని, ఏడో ఉత్తరానికి వచ్చిన జవాబులో తన పేరు తప్పుగా ఉందని, చివరికి పెట్టెలు దిగిన రోజున వాన పడితే తన గొడుగు వాటికి పట్టి తాను తడిశానని, ఆయన చెబుతూనే ఉన్నాడు. ఎప్పుడో పన్నెండు సెకన్లు అయిపోయాయి. ఎవరూ ఆయన్ని ఆపలేదు. పరీక్షకురాలు మెల్లగా లేచి వచ్చి తెర ముందు నిలబడింది.

హెడ్డుగారు బయటికి వచ్చేసరికి అందరూ తెర వైపే చూస్తున్నారు. పైన ముప్ఫై ఎనిమిది. కింద నలభై ఒకటి. ఆయన ఒక అంకె చూశాడు, రెండో అంకె చూశాడు, తల వంచి తన పొట్ట చూసుకున్నాడు. చూసుకుంటుండగానే అది కాస్త లోపలికి వెళ్ళింది. అలా వెళ్ళడం ఈసారి ఆయన కంటపడింది. చెవులు ఎర్రబడ్డాయి. అరవైకి దగ్గరపడ్డ ఆ పెద్దమనిషి తెల్లచొక్కాలో తప్పు చేసినవాడిలా నిలబడిపోతే, కత్తెరమ్మకి ఆయన మీద ఉన్నట్టుండి ఎక్కడలేని ఆపేక్ష కలిగింది. మగవాళ్ళూ ఇంతేనా అనుకుంది.

ఆయన గొంతు తగ్గించి ఆవిడనే అడిగాడు. "ఇందులో నాది ఏది?"

సీటు ఉంటుందో ఊడుతుందో ఆ జవాబు మీదే ఆధారపడి ఉందని ఆవిడకి తెలుసు. పైదే మీది సార్ అంటే ఆయన సంతోషిస్తాడు. అలవాటైన మర్యాద ఆ మాటని నాలిక చివరి దాకా తెచ్చింది కూడా. ఆవిడ దాన్ని మింగేసింది.

"బట్టలు రెండోదానికి కుట్టాలి సార్," అంది.

హెడ్డుగారు కుర్చీ దాకా నడిచి, కోటు తీసి తొడుక్కుని, బొత్తాలు పెట్టుకోబోయి ఆగాడు. బొత్తాలు వదిలేసి కూర్చున్నాడు. మూడు వందల మందినీ యంత్రంలో రెండేసిసార్లు నిలబెట్టాలని, రెండోసారి తప్పనిసరిగా మాట్లాడించాలని కాగితం మీద షరతు రాశాడు. ఈ పద్ధతికి ఏం పేరు పెట్టాలని గైడమ్మాయి అడిగితే, ఉన్న పేరే పెట్టండి, కబుర్లు అనండి అంది పరీక్షకురాలు. హెడ్డుగారు అదీ రాశాడు. అప్పుడు కుర్చీలో వెనక్కి ఆనుకుని, అందరూ చూస్తుండగానే పొట్ట వదిలేసి, నిండుగా ఒక ఊపిరి తీసుకుని సంతకం పెట్టాడు.